టైల్సు కింద మూత

బెజవాడలో కాలవగట్టు పక్క వీధిలో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది, మంచి మనిషే, పెట్టే చెయ్యే, కాకపోతే ఇంట్లో ఏ లోపమొచ్చినా నలుగురికీ తెలియకుండా కప్పెట్టేసేది.

ఆవిడ వాకిట్లో నడిమధ్య ఒక డ్రైనేజీ గొయ్యి ఉండేది. మనిషి లోతు గొయ్యి. ఇంట్లో వాడిన నీళ్ళన్నీ గొట్టంలోంచి అందులోకొచ్చి, అక్కణ్ణించి వీధి లైనులోకి పోయేవి. దానిమీద ఇనప మూత. ఎంత పెద్ద ముగ్గేసినా ఆ మూత దగ్గరకొచ్చేసరికి తెగిపోయేది. ఎదురింటి హుస్సేన్‌బీ పొద్దున్నే పాలకోసం బయటికొచ్చి, "ఏం వదినా, నీ ముగ్గుకి చిల్లు పడిందే!" అని నవ్వేది. ఆ నవ్వు పడలేక మాణిక్యమ్మ మేస్త్రీని పిలిచి మూతమీద టైల్సు వేయించేసింది.

"రేపు తెరవాల్సొస్తే ఎట్టాగమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"అప్పుడు చూసుకుందాంలే. ముందు చదునుగా వెయ్యి" అంది.

కొన్నేళ్ళు ముగ్గు నిండుగానే పడింది. తర్వాత స్నానాల గదిలో నీళ్ళు దిగడం మందగించింది. వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే స్నానాల గది జాలీలో బుడగలొచ్చేవి. గుడగుడా, గుడగుడా... నేల కింద ఎవరో ఊపిరందక గింజుకుంటున్నట్టు ఉండేది ఆ చప్పుడు. మనవణ్ణి ఎత్తుకుని అటు పోవడమే మానేసింది మాణిక్యమ్మ. గోడల అడుగున చెమ్మెక్కింది. వాసన మొదలైంది. ఆవిడ ఫినాయిలు పోసింది, సాంబ్రాణి వేసింది, తలుపులు మూసింది.

"మాణిక్యం, లైను మూసుకుపోయిందే. లైను కడిగే మిషను బండిని పిలుద్దాం" అన్నాడు మొగుడు పాండురంగం.

"ఆ బండి మన గుమ్మం ముందు ఆగితే వీధిలో తలెత్తుకు తిరగ్గలమా? మీరు ఊరుకోండి."

మనవడి అన్నప్రాసన రేపనగా జాలీలోంచి నల్లనీళ్ళు పైకి తన్నాయి. చూస్తుండగానే నడవలోకొచ్చేశాయి. పనులకి సాయముందామని ముందే వచ్చిన తమ్ముడు నాంచారయ్య పంచె ఎగ్గట్టి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, రేపు పాయసం వండుతావా, ఇదే వడ్డించేస్తావా?"

"నవ్వకురా! చుట్టాలొచ్చే వేళైంది. ఎవరికీ తెలియకుండా నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆవిడ గేటు మూసి గొళ్ళెం పెట్టింది. గేటు ఊచలమీద దుప్పటి కూడా కప్పింది. నాంచారయ్య గునపంతో టైల్సు పగలగొట్టి మూత లేపాడు. కుళ్ళిన గుడ్ల కంపు గుప్పున కొట్టింది. గొయ్యి అడుగున బురదే ఉంది, నీళ్ళు లేవు. మూసుకుపోయింది ఇంటివైపు గొట్టం. పైనుంచి వెదురు కర్ర పెడితే గొట్టం మూతిలోకి తిరగలేదు.

"దిగి పొడిస్తే వదులుతుంది బావా."

"వద్దురా. ఇన్నేళ్ళు మూసిపెట్టిన గొయ్యి. లోపల ఏముందో ఏమో" అన్నాడు పాండురంగం.

మాణిక్యమ్మ వంగి ఆ చీకట్లోకి చూసింది. వద్దని నోటిదాకా వచ్చింది. అంతలో గేటవతల ఎవరో దగ్గారు.

"తొందరగా కానీరా" అంది.

నాంచారయ్య దిగాడు. లోపల కర్రతో పొడుస్తున్న చప్పుడు వినపడింది. కాసేపటికి, "అదేంటక్కా, ఇప్పుడు అసలు వాసనే రావట్లేదు!" అన్నాడు.

మాణిక్యమ్మకి ప్రాణం కుదుటపడింది. వాసన పోయిందంటే పనైపోయినట్టే అనుకుంది. పిచ్చిది. ఆ గొయ్యిలో గాలి ముందు ముక్కునే చంపుతుందని ఆవిడకేం తెలుసు?

కర్ర గోడకి తగిలి జారిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు.

"ఒరే నాంచారీ!"

పలకలేదు.

"ఒరే! పలకరా!"

గొయ్యి పలకలేదు. సాయానికి వీధిలోవాళ్ళని కేకెయ్యబోయి ఆగిపోయింది ఆవిడ. గేటువైపు చూసింది. అరిస్తే వీధంతా లోపలికొస్తుంది. ఈ నల్లనీళ్ళు, ఈ పగిలిన వాకిలి, అన్నీ చూస్తారు. నోరు తెరిచి అట్టాగే నిలబడిపోయింది. పక్కన పాండురంగం గొయ్యిలోకి కాలు పెట్టాడు. అది చూశాక గాని ఆవిడ నోరు పెగల్లేదు. మొగుడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, "ఎవరన్నా రండయ్యా! నా తమ్ముడు!" అని అరిచింది.

మొదట హుస్సేన్‌బీ వచ్చింది. గొళ్ళెం ఊడేట్టు గేటు తన్ని వచ్చింది. "దిగొద్దన్నయ్యా! లోపలంతా విషం గాలి! ఒకరెనక ఒకరు పోతారు!" అని పాండురంగాన్ని వెనక్కి లాగింది. ఎవరో ఫైరింజనుకి ఫోన్ చేశారు. వీధి వీధంతా వాకిట్లోనే ఉంది. వాసన మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఫైరింజనువాళ్ళు మొహాలకి గాలి మాస్కులు పెట్టుకుని, తాళ్ళేసి నాంచారయ్యని పైకి తీశారు. మాణిక్యమ్మ కొంగుతో వాడి మొహం తుడిచింది. "లేరా తమ్ముడూ, లే" అంటూనే ఉంది. వాడు లేవలేదు.

దినాలయ్యాక మిషను బండి వచ్చింది. పైనుంచే గొట్టంలోకి జోరుగా నీళ్ళు కొట్టారు. నీళ్ళు ఆగిన చోట తవ్వి చూస్తే, అతుకు పగిలి ఏదో చెట్టు వేరు లోపలికి జొరబడి జడలాగా పేరుకుపోయి ఉంది. దాన్ని కోసేసి కొత్త గొట్టం వేశారు. పొద్దున మొదలెట్టి అన్నాలవేళకి ముగించారు. గొయ్యిలోకి ఒక్కడూ దిగలేదు. దిగాల్సిన పనే లేదు. మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని, నీళ్ళు గలగలా పోతున్న చప్పుడు వింటూ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

అందుకే చెప్తున్నాను, వినండి: ఇంట్లో కుళ్ళు వాసనొస్తే సిగ్గుపడి కప్పెట్టకుండా ఆ రోజే నలుగురికీ చెప్పి బాగుచేయించుకోవాలి, ఎందుకంటే సిగ్గు రెండ్రోజుల్లో పోతుంది గాని పోయిన మనిషి రాడు.