నీళ్ళలో విప్పుకునే గుండీలు

అనగనగా ఒక రేవు ఊరు. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఉండేది. ఆ ఊళ్ళో సూరాచారి అని ఒక ఇత్తడి పనివాడు ఉండేవాడు. దుప్పటి సరిగ్గా కప్పుకో కన్నా, కాళ్ళు బయటికి పెట్టకు. ఆ, అతని భార్య పేరు వరాలు. సొంత మేనమామనే చేసుకుంది కాబట్టి పెళ్ళయ్యాక కూడా అతన్ని మావా అనే పిలిచేది.

సూరాచారి చేసేది చేతి గుండీలు. అంటే ఏమిటో చెప్తాను విను. ఆ రోజుల్లో చొక్కాలు ఇప్పటిలా ముందంతా తెరుచుకునేవి కావు. ఛాతీ దాకే చీలిక. తల మీంచి తొడుక్కోవాలి, తల మీంచే లాక్కోవాలి. చేతుల చివర వెడల్పాటి పట్టీ ఉండేది. దానికి గంజి పెట్టి పెట్టి అట్టముక్కలా చేసేవారు. పట్టీకి రెండు కొసల్లోనూ కాజాలే గానీ గుండీ ఉండదు. గుండీ విడిగా తెచ్చి ఆ రెండు కాజాల్లోంచీ దూర్చుకోవాలి.

మీ తాతయ్య పెళ్ళి చొక్కా అలాంటిదే. తాళి కట్టబోయే ముందు ఒక గుండీ ఎక్కడో పడిపోయింది. పీటల మీద ఉన్నంతసేపూ ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకునే కూర్చున్నారు. పెళ్ళికొడుకు ఎంత వినయమో అని మా మేనత్తలందరూ మురిసిపోయారు. నలభై ఏళ్ళు కాపరం చేశాను, ఆ వినయం మళ్ళీ కనిపించలేదు. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

ఆ ఊరి పనివాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. కడియమైనా, ఉంగరమైనా, గుండీ అయినా, ఒంటికి తగిలించే వస్తువు ఏది చేసి ఇచ్చినా ఒక మాట ఇవ్వాలి. "ఇరుక్కుంటే నువ్వెక్కడుంటే అక్కడికొచ్చి విప్పుతాను." ఆ మాట ఇవ్వందే వస్తువు చెయ్యి దాటకూడదు. మాట తప్పినవాడు మళ్ళీ సుత్తి పట్టకూడదు.

సూరాచారి ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి వేలు వాచిపోయిన ఒక పెళ్ళికూతురి కోసం జోరువానలో ఏడు కోసులు నడిచి వెళ్ళి ఉంగరం కోసి వచ్చాడు. అయితే చెప్పీ చెప్పీ ఆ మాట అతని నోట్లో నమస్కారంలా అయిపోయింది. వచ్చినవాడి మొహం చూడకుండానే వచ్చేసేది.

ఒకనాటి మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. వీధిలో కుక్క కూడా లేదు. సూరాచారి కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. అప్పుడు ఎర్రగా ఉన్న బొగ్గులు ఉన్నట్టుండి నల్లబడిపోయాయి. తల ఎత్తి చూస్తే గుమ్మంలో ఒక మనిషి.

తెల్ల చొక్కా వేసుకున్నాడు. చొక్కా చేతులు వేళ్ళ కొసల దాకా జారి ఉన్నాయి. రెండు మణికట్లూ ఎవరో తాడుతో కట్టేసినట్టు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా, ఆ గొంతు గోడ అవతలి నుంచి వచ్చినట్టుంది.

"చేతి గుండీలు కావాలి ఆచారీ. సులువుగా విప్పుకునేవి" అన్నాడు.

"దానికేం భాగ్యం బాబూ" అన్నాడు సూరాచారి.

అప్పుడు రెండేసి ఇత్తడి బిళ్ళలు తీసుకుని, మధ్యన చిన్న గొలుసు పెట్టి పటకారుతో నొక్కాడు. కొట్లో ఒక టేకు కర్ర చెయ్యి ఉండేది. దానికి చొక్కా పట్టీ తొడిగి గుండీలు పెట్టి చూశాడు. విప్పి చూశాడు. మెత్తగా వచ్చాయి. జత చేతికిస్తూ అలవాటుగా అనేశాడు.

"ఇరుక్కుంటే నువ్వెక్కడుంటే అక్కడికొచ్చి విప్పుతాను బాబూ."

ఆ మనిషి అప్పుడు తల ఎత్తాడు.

"ఎక్కడుంటే అక్కడికా?"

"ఎక్కడుంటే అక్కడికే."

"మాట ఇచ్చినట్టేనా?"

"మా కులవృత్తే మాట మీద నడుస్తుంది బాబూ" అని నవ్వాడు సూరాచారి. అతను నవ్వలేదు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గానీ బొగ్గులు రాజుకోలేదు.

మూడు రోజులు గడిచాయి. మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ బొగ్గులు నల్లబడ్డాయి. ఆ మనిషి గుమ్మంలో ఉన్నాడు. అరచెయ్యి చాపాడు. అందులో ఆ గుండీల జత. ఇత్తడంతా పచ్చగా చిలుం పట్టిపోయింది. గొలుసు లంకెల మధ్య చిన్న చిన్న గుల్లలు అంటుకుని పెరిగాయి. మూడు రోజుల సరుకు నూరేళ్ళ దానిలా ఉంది కన్నా.

"విప్పుకు రాలేదు" అన్నాడు.

సూరాచారి పనివాడు కదా, పని మీద మాట పడితే ఊరుకోలేడు. గొలుసు మెలిపడి ఉంటుంది అనుకున్నాడు. అప్పుడు గొలుసు లేకుండా, ఒకే ఇత్తడి ముక్కలో, డమరుకం లాగా అటూ ఇటూ బుడిపెలు, మధ్యలో సన్నటి నడుము ఉండేట్టు చెక్కాడు. ఆకురాయితో రుద్ది అద్దంలా చేశాడు. కర్ర చేతి మీద పెట్టి చూశాడు. ఇవీ మెత్తగానే వచ్చాయి. ఆ మనిషి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో మూడు రోజులు గడిచాయి. మళ్ళీ వచ్చాడు. ఈసారి గుండీల నడుము చుట్టూ తెల్ల దారపు పోగులు ఉన్నాయి. ఎవరో గోళ్ళతో పీకి పీకి, కాజానే చింపబోయి చింపలేకపోయినట్టున్నాయి.

"విప్పుకు రాలేదు" అన్నాడు మళ్ళీ.

తలుపు చాటు నుంచి అన్నీ వింటున్న వరాలు అప్పుడు బయటికి వచ్చింది. చేతిలో చేటతోనే వచ్చింది.

"ఎక్కడ విప్పుతున్నావు బాబూ, విప్పుకు రాకపోవడానికి?" అని అడిగింది.

"ఏటిమూతి దగ్గర తల్లీ. ఇంటికి వెళ్తుంటే పడవ తిరగబడింది. ఈదుదామని చొక్కా తల మీదికి లాగాను. పట్టీల దగ్గర ఆగిపోయింది. తల చొక్కాలో ఉండిపోయింది, చేతులూ చొక్కాలోనే ఉండిపోయాయి."

"అయ్యో. ఎప్పుడు బాబూ ఇది?"

"ఇవాళ."

"ఇవాళా!"

"నిన్న కూడా. రేపు కూడా."

వరాలు చేతిలో చేట కింద పడింది.

"రోజూ మధ్యాహ్నం ఆ పడవ తిరగబడుతుంది" అన్నాడు ఆ మనిషి. "ఇక్కడ మీరు విప్పితే లాభం లేదు. అక్కడ నేను విప్పుకోవాలి. రేపు పడవ ఎక్కే ముందు కొత్త జత కావాలి. నేను రాను. నీళ్ళలో వెయ్యండి, నాకు అందుతుంది. అది కూడా ఇరుక్కుంటే రేపు ఎండ వాలకముందే వస్తాను. ఆచారీ, నీ పనిముట్లు తీసుకుని నాతో ఏటిమూతికి రావాలి. మాట ఇచ్చావు."

అతను వెళ్ళిపోయాడు.

"మావా, మా పుట్టింటికి పోదాం పద. బండి కట్టించు" అంది వరాలు.

"మాట తప్పి ఏం చెయ్యను వరాలూ? సుత్తి పట్టని చెయ్యి నాకెందుకు?"

"ఆ సుత్తి పట్టుకుని నీళ్ళ అడుక్కి పోతావా?"

సూరాచారి ఆ రెండు జతలూ ఎందుకు ఇరుక్కున్నాయో తెలియడం లేదని తల పట్టుకున్నాడు. కర్ర చేతి మీద అంత బాగా వచ్చినవి!

అప్పుడు వరాలు ఆ కర్ర చేతి వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"మావా, కర్ర నీళ్ళలో వేస్తే ఏమవుతుంది?"

"తేలుతుంది."

"మరి తేలే దాని మీద పరీక్ష చేసి మునిగే వాడికి ఇస్తున్నావేం?"

సూరాచారి ఆ కర్ర చేతిని తీసి పక్కన పెట్టేశాడు.

కొలత కోసమని ప్లీడరు గారు పంపిన చొక్కా ఒకటి కొట్లో ఉంది. వరాలు దాన్ని మొగుడికి తొడిగింది. పెరట్లో నీళ్ళ గోలెం దగ్గరికి తీసుకెళ్ళింది. మొదట గొలుసు జత పెట్టి చేతులు ముంచమంది. గంజి బట్ట నానింది, ఉబ్బింది, కాజా పెదవులు బిగించింది. బిళ్ళ వెనక్కి రాలేదు. ఆ తర్వాత డమరుకం జత పెట్టింది. అదీ రాలేదు. సూరాచారి లాగాడు, పీకాడు, చివరికి చెమటలు పట్టి ఆయాసపడ్డాడు. నీళ్ళు మోచేతి దాకే ఉన్నాయి, ఊపిరికి అడ్డమేమీ లేదు, అయినా అంత భయం వేసింది. అప్పుడు అర్థమైంది అతనికి, ఆ మనిషి రోజూ ఏం పడుతున్నాడో.

"గుండ్రంగా ఉన్నది ఏదీ రాదు మావా" అంది వరాలు. "తడిసిన కాజా సన్నటి గీత అయిపోతుంది. గీతలోంచి గీతే రావాలి."

పెరట్లో పెయ్య కట్టేసి ఉంది. దాని పలుపుకి చివర చిన్న కర్రముక్క ఉంటుంది, చూశావా ఎప్పుడైనా? ఎక్కడ చూస్తావులే, మీ అపార్టుమెంటులో పెయ్య ఎక్కడిది. ఆ కర్రముక్కని నిలువుగా పట్టుకుంటే రెండో కొసన ఉన్న ఉచ్చులోంచి దూరుతుంది. అడ్డంగా తిప్పితే పెయ్య ఎంత గింజుకున్నా ఊడిరాదు. వరాలు రోజూ చీకట్నే లేచి, కళ్ళు సగం మూసుకునే దాన్ని కట్టేది, విప్పేది. ఆమె పలుపు చూపించింది. సూరాచారి చూశాడు. పరుగెత్తుకుంటూ కొలిమి దగ్గరికి పోయాడు.

ఒక వైపు బిళ్ళ పెట్టాడు. బిళ్ళకి సన్నటి కాడ పెట్టాడు. కాడ చివర వడ్లగింజ అంత ముక్కని, అటూ ఇటూ తిరిగేట్టు, చిన్న చీలతో బిగించాడు. గింజ మణికట్టు లోపలి వైపుకి వస్తుంది. వేళ్ళు మడిస్తే, ఆ చేతి వేళ్ళకే అందుతుంది. నిలువుగా తిప్పితే కాడతో కలిసి ఒక్క పుల్ల అయిపోతుంది. మూడుసార్లు చీల వదులైంది, మూడుసార్లూ విప్పి మళ్ళీ బిగించాడు. తెల్లారేసరికి జత తయారైంది.

పొద్దెక్కాక గోలెం దగ్గరికి వచ్చారు. చొక్కా వరాలే తొడుక్కుంది.

"నువ్వెందుకే?"

"నీ చేతులకి గుండీ తెలుసు మావా. ఏమీ తెలియని చెయ్యి విప్పగలగాలి కదా."

కళ్ళు మూసుకుంది, అక్కడ చీకటిగా ఉంటుంది కాబట్టి. రెండు చేతులూ గోలెంలో ముంచింది. బట్ట నానేదాకా ఆగింది. ఆ తర్వాత కుడి చేతి వేళ్ళు మడిచింది.

అప్పుడు నీళ్ళ అడుగు నుంచి ఇంకో చేతి వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళ మీద ఆనాయి.

చల్లగా ఉన్నాయి. మెత్తగా, నానిన వేళ్ళలా ముడతలు పడి ఉన్నాయి. వరాలు అరవలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మొగుడు భయపడతాడని మొహం కూడా మార్చలేదు. నెమ్మదిగా, పసిపిల్లాడి చేత అక్షరం దిద్దించినట్టు, గింజని తిప్పింది. నిలువు. లాగితే కాజాలోంచి వచ్చేసింది. ఆ వేళ్ళు వణికాయి.

మళ్ళీ పెట్టింది. రెండోసారి ఆ వేళ్ళు ఆమెతో పాటే తిప్పాయి.

మళ్ళీ పెట్టింది. మూడోసారి ఆమె కదలనే లేదు. ఆ వేళ్ళే తిప్పాయి, ఆ వేళ్ళే లాగాయి. తర్వాత ఆమె అరచేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేశాయి.

చేతులు బయటికి తీసి చూస్తే పట్టీలు రెండూ తెరుచుకుని ఉన్నాయి. గుండీలు లేవు. గోలెంలో వెతికారు, అడుగున కూడా లేవు. వరాలు వేలు నోట్లో పెట్టుకుని చూసింది. బావి నీళ్ళు పోసిన గోలెం, ఉప్పగా ఉంది.

మధ్యాహ్నమైంది. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. సూరాచారి ఆకురాయి, పటకారు, కత్తెర ఒక గుడ్డలో మూట కట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమ్మంలో కూర్చున్నాడు. వరాలు పక్కనే కూర్చుని అతని పంచె కొంగు తన వేలికి చుట్టుకుంది. ఎండ నెత్తి మీది నుంచి దిగింది. గోడ నీడ వీధిలోకి ఒక జానెడు వచ్చింది. రెండు జానలు వచ్చింది.

అప్పుడు వీధి చివర, రేవు వైపు, దుమ్ములో ఒక తడి అడుగు కనిపించింది.

మనిషి లేడు. అడుగు మాత్రం పడింది. దాని ముందు ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. ఇత్తడి కొట్టు వైపే వస్తున్నాయి.

"వస్తున్నాడు వరాలూ" అన్నాడు సూరాచారి. మూట పట్టుకుని లేచాడు. వరాలు కొంగు వదల్లేదు.

అడుగులు గుమ్మం ముందుకు వచ్చాయి. ఆగాయి. రెండు పాదాల కిందా నీరు చేరి, చిన్న మడుగు కట్టింది.

ఆ తర్వాత పాదాల గుర్తులు నెమ్మదిగా పక్కకి తిరిగాయి. రేవు వైపు కాదు. ఊళ్ళోంచి పైకి, తోటల మధ్యగా పల్లెలకి పోయే బాటలోకి. ఒక అడుగు, ఇంకొక అడుగు. మొదట తొందర తొందరగా, తర్వాత తీరిగ్గా. వరాలు, సూరాచారి వాటి వెనకే కొంత దూరం నడిచారు. అడుగడుక్కీ తడి తగ్గుతూ వచ్చింది. సత్రం దాటేసరికి మడమ దగ్గరే చెమ్మ. జీడితోట మొదట్లోకి వచ్చేసరికి వేళ్ళ కొసల్లోనే. ఆ తర్వాత పడింది మామూలు అడుగే. పొడి దుమ్ములో, దారిన పోయే ఏ మనిషి అడుగైనా ఎలా ఉంటుందో అలాంటిది.

ఎక్కడికి వెళ్ళాడని అడుగుతున్నావా? ఇంటికి కన్నా. కళ్ళు మూసుకో.

పడవ రేవుకి, పక్షి గూటికి,
నిదుర కంటికి, నిమ్మళం ఒంటికి,
కథేమో పోయింది కంచికి,
మనమేమో వచ్చేశాం మన ఇంటికి.