పొద్దున్నే కీచుమనే కారు

మన్యంలో చలికి పళ్ళు టకటకలాడే ఓ ఊళ్ళో ప్రెసిడెంటుగారికి ఓ పాత కారుండేది. తను వస్తున్నట్టు అందరికీ తెలియాలని పట్టపగలు కూడా లైట్లు వేయించే తిరిగేవారాయన.

ఆ చలికాలం కారు రోజూ పొద్దున్నే కీచుమని అరవడం మొదలెట్టింది. ఎండెక్కితే తనే ఊరుకునేది.

ఓరోజు పిండిమర ముందు కారు మళ్ళీ కీచుమంది. ప్రెసిడెంటుగారు మండిపడ్డారు. "గంగులూ, ఇంజను పాడుచేశావు! రేపట్నుంచి పన్లోకి రాకు."

ఇరవయ్యేళ్ళుగా ఆ కారు తోలుతున్న గంగులు స్టీరింగు వదిలి చేతులు జోడించాడు.

మర ఆడించే పోలమ్మ చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. "గంగులన్నా, ఓపాలి ఆ లైట్లార్పు."

ఆర్పితే అరుపు తగ్గింది. వేస్తే మళ్ళీ పెరిగింది.

"ఇంజనుకి జబ్బయితే లైట్లార్పితే తగ్గుద్దా బాబూ? లైట్లకి కరెంటిచ్చే డైనమో బెల్టు వదులైంది. చలికి గట్టిపడి జారతంది, వేడెక్కితే మెత్తబడి పట్టుకుంటంది. నా మర బెల్టూ ఇంతే."

గంగులు గబగబా బెల్టు బిగించాడు. కారు కిక్కురుమనలేదు.

అయినా ప్రెసిడెంటుగారు తగ్గలేదు. "పొద్దున్నే ఇలా అరిచే బండినీ, దాని డ్రైవర్నీ మార్చెయ్యాల్సిందే!"

"తవరూ పొద్దున్నే అరుస్తారు, ఎండెక్కితే నవ్వుతారు. తవర్ని మార్చెయ్యాలని గంగులన్న ఎప్పుడైనా అన్నాడా బాబూ?"

ప్రెసిడెంటుగారు గుడ్లురిమి చూశారు, చూసి చూసి పకపకా నవ్వేశారు.

"ఎక్కరా గంగులూ! రేపట్నుంచి నాకు వేడి టీ పోశాకే బండి తియ్యి."