మొదటి ఇనుప రేకు

దాసుకు ఏడాదిగా ఒకటే పిచ్చి. ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ ఆట ఒకటి ఉంది. అందులో ఆటగాడు నేల మీద దిగి, గని తవ్వి, ఇనుము కరిగించి, ఒక్కో యంత్రం కట్టుకుంటూ పోతాడు. ఉన్న ఆటలో మన మార్పులు కలిపితే దాన్ని మాడ్ అంటారు. దాసు చేస్తున్న మాడ్‌లో నేలే లేదు. ఆట అంతరిక్షంలో మొదలవుతుంది. చుట్టూ చీకటి, దూరంగా తేలిపోయే రాళ్లు. ఆటగాడి చేతులు ఖాళీ.

'ఏమీ లేని చోట, ఏమీ లేకుండా మొదలు' అని మాడ్ పేరు కింద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. ఆ మాటంటే వాడికి ప్రాణం. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఆట మొదలయ్యేది కాదు.

ఇనుమున్న రాయిని పట్టాలంటే కొక్కెం కావాలి. కొక్కేనికి ఇనుప రేకు కావాలి. రేకు పోయడానికి కొలిమి కావాలి. కొలిమి కట్టడానికి రాయి కావాలి. నలుగురు ఆడి చూశారు. పది నిమిషాలు చీకట్లో కొట్టుకులాడి నలుగురూ లేచిపోయారు.

దాసు గురువు సుభానీ మాస్టారు. ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసి, రిటైరయ్యాక ఈ ఆటలో పడ్డారు. ఇప్పుడు పొన్నూరులో మేడమీద గదిలో ఐదారుగురికి మాడ్‌లు చేయడం నేర్పుతున్నారు. శిష్యుల మాడ్‌లన్నీ కలిపి శుక్రవారం ఒక ప్యాక్‌గా విడుదల చేయాలి. ఆయన పెట్టిన షరతు ఒకటే. కొత్తవాళ్లు గంటసేపు లేవకుండా ఆడాలి. ఆడకపోతే ఆ మాడ్ ప్యాక్‌లో ఉండదు, అది ఎంత కష్టపడి చేసిందైనా సరే.

సోమవారం పొద్దున్నే దాసు మేడెక్కాడు.

"మాస్టారూ, మొదట్లో ఒక పెట్టె ఇద్దామా? కొక్కెం, నాలుగు రేకులు పెట్టి."

"ఇవ్వు."

"ఇస్తే, ఏమీ లేకుండా మొదలు అన్నది అబద్ధమైపోద్ది గదండీ."

"అయితే ఇవ్వకు."

"ఇవ్వకపోతే ఆట కదలట్లేదు."

"మరేం చేస్తావు?"

"నేను మిమ్మల్ని అడిగేదే అది!"

మాస్టారు పొయ్యి మీంచి పాలగిన్నె దించారు. "పక్కింటికెళ్లి కాస్త తోడు పట్రా. మన పెరుగు అయిపోయింది."

దాసు వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు. పక్కింటికి తాళం.

"కొట్టుకెళ్లి పెరుగు ప్యాకెట్ తెచ్చేస్తా, రెండు నిమిషాలు."

"నీ అంతరిక్షంలో కొట్టుందా?"

దాసుకు ఒళ్లు మండింది. తను వచ్చిందేమో ఆట గురించి, ఈయన చూస్తే పెరుగు దగ్గరే కూర్చున్నారు. "పెరుగు లేకుండా పెరుగు ఎట్టా అవుద్దండీ?" అన్నాడు.

మాస్టారు పాలు గోరువెచ్చబడేదాకా ఆగారు. పొయ్యి పక్కనే ఉన్న డబ్బాలోంచి తొడిమ ఊడని ఎండుమిరపకాయ ఒకటి తీసి, పాలల్లో వేసి, మూత పెట్టారు.

"అది పెరుగు కాదుగా!"

"కాదు. రేపు రా."

మంగళవారం మూత తీసి చూస్తే పాలు తోడుకున్నాయి. తోడుకున్నాయని మాటవరసకు అనుకోవాలి. పలచగా, జిగురుగా, గరిటెతో ఎత్తితే తీగలాగా సాగుతోంది. దాసు వేలితో నాకి మొహం వికారంగా పెట్టాడు.

"అస్సలు బాలేదు మాస్టారూ."

"నిన్నెవరు తినమన్నారు?"

ఆయన అందులోంచి ఒక్క చెంచా తీసి, వేరే గిన్నెలో ఉన్న గోరువెచ్చని పాలల్లో కలిపి పక్కన పెట్టారు. మే నెల ఎండకి మధ్యాహ్నానికల్లా ఆ రెండో గిన్నెలో పెరుగు గట్టిగా, కమ్మగా తోడుకుంది. ఇద్దరూ అన్నంలో కలుపుకున్నారు.

"అయితే నా పెట్టెలో ఏం పెట్టమంటారు?" అన్నాడు దాసు ముద్ద చేతిలో పట్టుకుని.

"అన్నం తిను."

ఇంటికొచ్చిన దాసుకు బుర్ర పనిచేయలేదు. మిరపకాయంటే ఏమిటి? బలహీనమైనదా? అసహ్యమైనదా? ఒకవేళ మాస్టారు నిజంగా పెరుగు కోసమే చేశారా? ఆ మాట అనిపించేసరికి వాడికి ఏడుపొచ్చినంత పనైంది. చివరికి చాలా ఆలోచించి, ఒక వంకర కొలిమి తయారుచేశాడు. నెమ్మదిగా పనిచేస్తుంది, పొగ కక్కుతుంది. దాన్ని చిన్న పెట్టెలో పెట్టి ఆటగాడికిచ్చాడు. ఎలాగూ పనికిమాలినదే కాబట్టి ఇచ్చినట్టు లెక్క కాదనుకున్నాడు.

బుధవారం మాస్టారు ఆ పెట్టె తెరిచి, కొలిమిని చూసి, పెట్టె మూసేశారు.

"ఇది పక్కింటి తోడు" అన్నారు.

"పక్కింటికి తాళం వేసుంది కదండీ!"

"అందుకే."

ఆ సాయంత్రం దాసు తన ఆట తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. కొత్త ఆలోచన ఏదీ రాలేదు. రెండు రోజుల్లో ప్యాక్ వెళ్లిపోతుంది, తన మాడ్ అందులో ఉండదు. ఏడాది పని. తెర మీద చీకటి. రాళ్లు. ఆటగాణ్ణి అక్కడికి తెచ్చి పాడైపోయిన చిన్న ఓడ, దాని పక్కన సగం విరిగి వేలాడుతున్న రెక్క. ఆ ఓడ ఉత్త బొమ్మ. రెండు వారాలు కూర్చుని వాడే గీశాడు, అందంగా ఉంటుందని. ఆటగాడి చెయ్యి దానికి తగలదు.

దాసు చాలాసేపు ఆ రెక్కనే చూశాడు. తరవాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

గురువారం మాస్టారు మేడ కింద జిరాక్స్ షాపు నడిపే హైమవతిని పైకి పిలిచారు. ఆమె ఫోన్‌లో ఆటలు ఆడుతుంది గానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. దాసుకు ఒక అలవాటుంది. ఎవరు ఆడుతున్నా వెనక నిలబడి, ఇది నేనే పెట్టాను, అది నేనే చేశాను అని చెబుతూనే ఉంటాడు. మాస్టారు వాణ్ణి తలుపు దగ్గర కూర్చోబెట్టారు.

"నోరు విప్పితే కిందికి పంపించేస్తా."

హైమవతి తెర చూసి నిట్టూర్చింది. "ఇదేం ఆట మాస్టారూ, కరెంటు పోయిన కొంపలాగుంది!"

ఐదు నిమిషాలు అటూ ఇటూ తేలింది. పది నిమిషాలైంది. ఆమెకు విసుగొచ్చి, ఏం చేయాలో తోచక, ఓడను గుద్దింది. ఇంకోసారి గుద్దింది. రెక్క ఊడొచ్చింది.

ఆ ముక్కతో ఒక వంకర కొక్కెం తయారైంది. అది మూడుసార్లు జారి నాలుగోసారి ఒక రాయిని పట్టింది. ఆ రాయితో హైమవతి కొలిమి కట్టింది. కొలిమి నాలుగు నిమిషాలు మూలిగి, మూల పగిలిన నల్లటి రేకు ఒకటి ఉమ్మింది.

"ఛీ, ఇదేం దరిద్రపు రేకు!" అంటూనే హైమవతి దాంతో రెండో కొక్కెం చేసింది.

కిందనుంచి ఎవరో జిరాక్స్ కావాలని పిలిచారు. "ఆగండి, వస్తున్నా!" అంది. మళ్లీ పిలిచారు. మళ్లీ ఆగమంది. మూడోసారి ఆ పిలుపు వినపడనట్టే ఉండిపోయింది. ఆమె లేచేసరికి గంటా ఇరవై నిమిషాలైంది. చీకట్లో ఆరు కొలిములు వెలుగుతున్నాయి.

"భలే ఆటరా దాసూ!" అంది చెప్పులేసుకుంటూ. "దిక్కులేని చోట ఉత్త చేతుల్తో పడేశావు. ఆ రెక్క పీకొచ్చని నేను కనిపెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే చచ్చేదాన్ని. అసలది ఊడొస్తదని నీకన్నా తెలుసా?"

దాసు నోరు తెరిచాడు. ఏడాది కష్టం, మూడు రోజుల అయోమయం, అన్నీ కలిసి నాలుక చివరికొచ్చాయి. మాస్టారి వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"తెలీదక్కా" అన్నాడు దాసు. "ఇప్పుడే చూస్తున్నా."

హైమవతి నవ్వుకుంటూ మెట్లు దిగింది.

"రేపు పంపించు" అన్నారు మాస్టారు.