లోవమ్మ చాప

పరదేశి మాస్టారికి గాలిలో ప్రశ్నలు గిట్టవు. "మనిషి ఎందుకింత స్వార్థపరుడు?" అని ఎవరైనా అడిగితే, "ఏ మనిషి? పేరేంటి? ఏ ఊరు?" అని ఎదురడుగుతారు. పేరు చెప్పలేనివాళ్ళు కాసేపు కూర్చుని, కాఫీ తాగి వెళ్ళిపోతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే కాఫీ తాగి వచ్చేశాను, దారిపొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ. రైతుల చేత సంఘాలు పెట్టించడంలో నలభై ఏళ్ళు గడిపిన మనిషి ఆయన. ఇప్పుడు ఎక్కడికీ కదలరు. ఆదివారాలు మాలాంటివాళ్ళం నలుగురైదుగురం ఆయన వరండాలో చేరతాం. అందరం ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక సంఘం నడుపుతూ చేతులు కాల్చుకుంటున్నవాళ్ళమే.

మొన్న మాలో ఒకరైన హైమ అడిగిన ప్రశ్న కూడా గాలిలోదే.

"రైతు తన పంటని తనే సరుకుగా మార్చాలి, అందరూ కలిసి ఒకే పేరు మీద అమ్ముకోవాలి, అప్పుడే నాలుగు రాళ్ళు మిగులుతాయి అని మీరే నేర్పారు మాస్టారూ. కలవడం అంటే ఒకళ్ళ కష్టం ఇంకొకళ్ళు మొయ్యడమే కదా. మరి సంఘంలో జాలికి చోటు ఉండాలా, వద్దా?"

"ఎవరి మీద జాలి?" అన్నారు మాస్టారు.

హైమ తల దించుకుంది. కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది. వాళ్ళది కృష్ణ ఒడ్డున లంక గ్రామం. నలభై ఇళ్ళవాళ్ళు తమ పసుపు తామే ఉడికించి, ఎండబెట్టి, పొడి కొట్టించి అమ్ముకుంటున్నారు. సరుకు చూసి దించుకునే పని హైమది. ఆమె పిన్ని సామ్రాజ్యం రెండు బస్తాల కొమ్ములు తెచ్చింది. బాగా ఎండిన పసుపు కొమ్ము విరిస్తే టంగుమని మోగాలి. ఇవి చేతిలో వంగాయి. చిన్నాన్న పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, ఆయన్ని చూసుకుంటూనే పిన్ని పసుపు ఉడికించింది, సరిగ్గా ఉడక్కుండానే దింపేసింది, ఎండా చాల్లేదు. బుధవారం పొడి కొట్టిస్తారు. ఈ విడత తప్పితే మళ్ళీ రెండు నెలలకి గానీ ఆమె వంతు రాదు.

"తిప్పి పంపితే పిన్ని తట్టుకోలేదు మాస్టారూ. రెండు బస్తాలేగా. అంత పసుపులో కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది హైమ. ఆ మాట అనేటప్పుడు ఆమె మాలో ఎవరి మొహమూ చూడలేదు. నాకు మాత్రం కలిపెయ్యమనే చెప్పాలనిపించింది. అలాంటి రెండు బస్తాలు నేనూ కలిపినవాణ్ణే.

దానికి మాస్టారు చెప్పింది ఇది. ఊరి పేరు కూడా చెప్పారు గానీ నేను రాయను. ఆ ఊళ్ళోవాళ్ళు ఇంకా ఉన్నారు.

తుని దాటాక కొండల వైపు మెట్ట ఊరు. అందరివీ మామిడి తోటలే. ఆ తోటలన్నీ ఏటా పూత మీదే షావుకారుకి అమ్ముడుపోయేవి. చెట్టుకి పూత కనబడగానే షావుకారు మనిషి వచ్చి, తోట చుట్టూ ఒక్కసారి తిరిగి, ఒక మాట చెప్పి పోయేవాడు. ఇక ఆ ఏడు కాయ కాసినా రాలినా రైతుకి సంబంధం లేదు. సొంత చెట్టు కింద పడ్డ పండు తీసుకున్నా దొంగతనమే. మాస్టారు ఆ ఊళ్ళో మకాం పెట్టి, మూడేళ్ళు ఇంటింటికీ తిరిగి, ఇరవై ఆరు ఇళ్ళని కలిపారు. పండు నాలుగు రోజుల్లో కుళ్ళిపోతుంది, ఆ తొందర రైతుది. అదే పండు రసం తీసి తాండ్ర చేస్తే ఏడాది నిలుస్తుంది, అప్పుడు తొందర కొనేవాడిది. ఇంత చిన్న సంగతి జనానికి నమ్మకం కలిగేలా చెప్పడానికే ఆయనకి మూడేళ్ళు పట్టింది.

తాండ్ర చెయ్యడం చూడనివాళ్ళ కోసం ఒక మాట. మామిడి రసంలో బెల్లం కలిపి చాప మీద పల్చగా ఒక పొర పోస్తారు. ఎండలో అది ఆరాక దాని మీద ఇంకో పొర. ఇలా రోజుకో పొర చొప్పున వారాల తరబడి పోస్తే అట్ట కడుతుంది. కింది పొర ఆరకుండా పై పొర పోస్తే తడి లోపలే ఉండిపోతుంది. పైకి ఏమీ కనిపించదు.

అందుకని సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే రసం పొయ్యకముందు ఒక మనిషి ఇంటింటికీ వచ్చి చాప మీద బొటనవేలు నొక్కి చూడాలి. వేలికి అంటకపోతే "పొయ్యండి" అంటాడు. అంటితే "ఆగండి" అంటాడు. ఆ మాటకి తిరుగులేదు. ఆ పని చెయ్యడానికి ఊళ్ళో ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. బావమరిది చాప బాలేదని ఎవరు చెప్తారు? వియ్యపురాలి వాకిట్లో నిలబడి ఆగమని ఎవరంటారు? ఊరంతా చుట్టాలే. ఏ చుట్టరికమూ లేని మాస్టారికి ఆ పని అప్పగించారు.

చాపలన్నీ ఎండాక ముక్కలు కోసి, అన్నీ కలిపి పెట్టెల్లో సర్దేవారు. పెట్టె మీద ఇంటి పేరు ఉండదు, ఊరి పేరే. అదీ మాస్టారి సలహానే. పట్నంలో ఒక పెద్ద కొట్టు యజమాని సరుకంతా తీసుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళు బాగా జరిగింది. ఆ రెండేళ్ళూ పూత కాలంలో షావుకారు మనిషి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

మూడో ఏడు మాఘమాసంలో లోవమ్మ భర్త పోయాడు. ముప్పై చెట్ల తోట, ఒంటరి మనిషి. అయినా తోట షావుకారుకి ఇవ్వనంది. మూడు చాపలు పరిచింది. వైశాఖంలో ఉరుములేని వాన ఒకటి కొట్టి రెండు చాపలు తడిపేసింది. మూడోది ఒక్కతే ఎత్తి లోపల పెట్టుకోగలిగింది. చెట్ల మీద పండ్లు అయిపోయాయి. ఆఖరి పండ్ల రసం తీసి గంగాళంలో పెట్టుకుని, మబ్బు పట్టిన ఆకాశం కేసి చూస్తూ వాకిట్లో నిలబడింది. ఆ రసం ఇంకో పూట ఆగితే పులిసిపోతుంది.

మాస్టారు వెళ్ళి చాప మీద వేలు నొక్కారు. వేలికి తడి అంటింది.

"ఆగమంటారా మాస్టారూ?" అంది లోవమ్మ. ఆయన ఇంకా చాప కేసే చూస్తుంటే మళ్ళీ అంది. "మీరాగమంటే ఆగుతానండి. ఈ రసం పారబోసుకుంటాను. మీరెలాగంటే అలాగేనండి."

ఆయన వేలు పంచెకి తుడుచుకున్నారు. "పర్లేదులేమ్మా, పొయ్యి" అన్నారు.

"ఆ పూట ఎంత సంతోషంగా ఇంటికెళ్ళాననుకున్నారు!" అన్నారు మాస్టారు మాతో. "నా అంత మంచివాడు లేడనుకున్నాను. ఇరవై ఆరు ఇళ్ళు ఉన్నాయి కదా, లోవమ్మకి ఇంటికో గంప పండ్లు ఇమ్మని అడగొచ్చు కదా, అందరి చేతా ఒక చాప పోయించొచ్చు కదా. అదేదీ నాకు తట్టలేదు. దానికి ఊరంతా తిరగాలి, బతిమాలాలి. ఈ జాలికైతే ఒక్క మాట చాలు."

తరువాత మూడు రోజులు బాగా ఎండ కాసింది. చాప పైన గట్టిపడింది. మాస్టారు రోజూ వెళ్ళి నొక్కారు, వేలికి ఏమీ అంటలేదు. ఆయన ఆ సంగతి మర్చిపోయారు. మర్చిపోవాలని కూడా అనుకుని ఉంటారు.

శ్రావణమాసంలో పట్నం నుంచి పెట్టెలన్నీ లారీలో వెనక్కి వచ్చాయి. కొట్టు యజమాని తనే వచ్చాడు. ఒక పెట్టె విప్పి ముక్క విరిచి చూపించాడు. మధ్యలో తెల్లటి బూజు, పులిసిన వాసన. ఇంకో పెట్టె విప్పాడు. అందులో వంద మంచి ముక్కల మధ్య రెండు అలాంటివి. చాపలన్నీ కలిపి సర్దారు కాబట్టి దాదాపు ప్రతి పెట్టెలోనూ ఒకటో రెండో ఉన్నాయి.

"మంచివి ఏరుకుని ఉంచుకోండి" అన్నారు ఊరివాళ్ళు.

"ఏది మంచిదో కొట్లో కూర్చుని కొరికి చూడమంటారా? మీ అందరిదీ ఒకటే పేరన్నారు. ఆ పేరు చెప్పి అమ్మితే ఇప్పుడు నన్ను తిడుతున్నారు" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు.

ఆ సాయంత్రం తాండ్ర కోసే షెడ్డులో అందరూ చేరారు. ఎవరి చాప, ఎవరి చాప అని ఒకటే గొడవ. తనకొక్కడికే తెలుసనుకున్నారు మాస్టారు. లోవమ్మ గుంజ పక్కన నిలబడి ఆయన మొహమే చూస్తోంది. భర్త పోయిన మనిషిని పదిమందిలో నిలబెట్టడం ఎందుకనుకుని, ఆయన తల వంచుకున్నారు. "ఎవరిదని వెతకొద్దు. అందరం కలిసి భరిద్దాం" అన్నారు. వినడానికి చాలా మంచి మాట. ఎదురుచెప్పిన వాళ్ళు లేరు.

కానీ ఎవరిదో తెలియకపోతే అందరిదీ అనిపిస్తుంది. ఒక ఇల్లు పక్క ఇంటిని అనుమానించింది. అన్నదమ్ములు ఇద్దరు ఒకరి చాప మీద ఒకరు చెప్పుకుని మాటలు మానేశారు. నా చాప నేను వేరే అమ్ముకుంటానని ఒకడన్నాడు, వాడి వెనకాల పదిమంది. తప్పెక్కడ జరిగిందో చెప్పి, అది నాది అని ఆయన అప్పుడే ఒప్పుకుని ఉంటే ఒక సీజను పోయేది, సంఘం ఉండేది. మాస్టారు ఈ మాట చెప్తున్నప్పుడు గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఆ వరండాలో కూర్చోవడం కష్టమైంది.

మళ్ళీ మాఘం వచ్చింది. షావుకారు మనిషి వచ్చాడు. ఈసారి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోలేదు. ఇరవై ఆరు తోటలూ పూత మీదే పోయాయి, అదీ మునుపటి కన్నా చవగ్గా. వీళ్ళకి వేరే దారి లేదని అతనికి తెలుసు. ఎద్దులున్నవాళ్ళు, కొడుకులున్నవాళ్ళు, పొలం ఉన్నవాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. లోవమ్మకి తోట తప్ప ఇంకేమీ లేదు. ఆమె తోటని షావుకారు ఏడేళ్ళ పంటకి కలిపి రాయించుకున్నాడు.

రెండేళ్ళ తరువాత వైశాఖంలో మాస్టారు ఆ దారిన వెళ్తూ లోవమ్మ తోట దగ్గర ఆగారు. లోపల కోతలు జరుగుతున్నాయి. పని ముగిసి కూలీలు గేటు దాకా వచ్చి వరసగా నిలబడ్డారు. పండ్లు దాచుకుని పోతారని కాపలావాడు ఒక్కొక్కరి చేతా కొంగు విప్పించి దులిపించి చూస్తున్నాడు. ఆ వరసలో నాలుగో మనిషి లోవమ్మ. తను నీళ్ళు మోసి పెంచిన చెట్ల ముందు, తన తోట గేటు దగ్గర, కొంగు విప్పి దులిపి చూపించింది.

ఆయన్ని చూసి దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది. కోపం లేదు. అదే ఎక్కువ బాధ పెట్టిందన్నారు మాస్టారు.

"మీరు పొయ్యమన్నారు గదాని పోసేనండి" అంది. "తడి మీకు తెలీలేదేమో అనుకున్నాను. ఆరోజు షెడ్డులో మీరు తలొంచుకున్నారు చూడండి, అప్పుడు తెలిసిందండి, మీకు తెలుసని. నేనే చెప్పేద్దును. మీరు దాస్తున్నారు కదా, బయటపెడితే మీకు మాటొస్తదని ఊరుకున్నానండి."

ఆయన ఏదో అనబోయారు.

"ఆగమనుంటే ఒక్క గంగాళం రసం పోయేదండి. ఆ రోజంతా ఏడ్చేదాన్ని, మిమ్మల్ని తిట్టుకునేదాన్ని. అంతే కదండీ" అంది లోవమ్మ. కూలీల బండి కదులుతోందని ఎవరో పిలిస్తే, మళ్ళీ దణ్ణం పెట్టి, పరుగున వెళ్ళి ఎక్కింది.

మాస్టారు ఇంతటితో ఆపేశారు. హైమ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి అడిగింది.

"అయితే పిన్నిని ఏం చెయ్యమంటారు?"

"బస్తాలు రెండూ బండిలో వేసుకుని ఆవిడ వాకిట్లో దింపు. కొమ్ము విరిచి చూపించు. తరువాత నువ్వు తిరిగి రాకు. అక్కడే ఉండి నలుగుర్ని పిలిచి పొయ్యి వెలిగించి మళ్ళీ ఉడికించు."

"ఆవిడ ఏడుస్తుంది మాస్టారూ. ఊరందరికీ వినపడేలా ఏడుస్తుంది."

"ఏడుస్తుంది" అన్నారు మాస్టారు. "ఏడ్చేది ఇంకా తన వాకిట్లోనే కదా."