కౌజుపిట్ట ఓపిక అయిపోయిన రోజు

ఒకప్పుడు కౌజుపిట్టలు తమ గుడ్లు తామే పొదిగేవి. ఆ రోజుల్లో, మాఘ శుద్ధ పంచమి బుధవారం, పొద్దున పాలు పొంగే వేళ, పేరిందేవమ్మ ఇంటి వసారాలో ఈ సంగతి మొదలైంది.

గుడ్లకూ కూరకూ పనికొస్తాయని ఆవిడ కొత్తగా ఒక కౌజు జంటను తెచ్చుకుంది. పెట్ట ఆరు గుడ్లు పెట్టింది. కానీ అది వట్టి పిరికిది. గరిటె కింద పడితే చాలు, ఎగిరి వాసాలకు తల కొట్టుకునేది.

"ఇది పొదిగినట్టే!" అనుకుని, పేరిందేవమ్మ ఆ ఆరు గుడ్లనూ గంపలో పొదుగుతున్న రంగి అనే కోడి కింద పెట్టేసింది. రంగి సొంత గుడ్లు ఐదు కూడా ఆ పొద్దునే పొదగేసినవి. గుడ్లన్నీ ఒకటేగా అనుకుందావిడ.

కావు. పదిహేడో నాడే కౌజుపిల్లలు బొటనవేలంతేసి బయటికొచ్చాయి. రంగి వాటిని వెంటేసుకుని గంప దిగిపోయింది. దాని సొంత గుడ్లు పిల్లలవ్వడానికి ఇంకా నాలుగు రోజులుంది!

"రంగీ, ఎక్కవే తల్లీ! గుడ్లు చల్లారిపోతాయే!"

"పిల్లలు ఆకలని కాళ్లకడ్డం పడుతుంటే ఎలా కూర్చోనమ్మా? రెండూ కలిపి పెట్టింది నువ్వు కాదూ?" రంగి ఏడుపు మొదలుపెట్టింది.

పేరిందేవమ్మ గుడ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చదనం తగ్గుతోంది. "స్వామీ, నా తొందరపాటుకు శిక్ష ఈ పసివాటికా?" అని కళ్లు మూసుకుంది.

"నేను కూర్చుంటానక్కా," అంది మూలనుంచి కౌజుపెట్ట.

రంగి ఏడుపులోనే నవ్వింది. "నువ్వా! నీ బొజ్జ కింద ఒక్క గుడ్డు పట్టదు. చీమ తుమ్మితే ఎగురుతావు."

"నా పిల్లల్ని నువ్వు పొదిగావు కదక్కా."

కౌజుపెట్ట రెక్కలు రెండూ చాపి, ఐదు గుడ్ల మీదా బోర్లా పడుకుంది. ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడిచారు. రోకలి మోగలేదు. పేరిందేవమ్మ పూజలో గంట కొట్టడం కూడా మానేసింది. "చప్పుడు లేకపోయినా ఆయనకు వినపడుతుందిలే," అంది.

నాలుగో నాడు మనవరాలు అచ్చాయమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి ఖంగుమంది. అందరూ గుండె పట్టుకుని వాసాల వైపు చూశారు. అక్కడ కౌజుపెట్ట లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, గంపలోనే గుడ్లను కరుచుకుని ఉంది.

సాయంత్రానికి ఐదు కోడిపిల్లలు కిచకిచమన్నాయి.

"అక్కా, దేవుడు నాకు జన్మకంతా ఇచ్చిన ఓపిక ఈ నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇక పొదగడం నావల్ల కాదు," అంది కౌజుపెట్ట.

"నువ్వు గుడ్లు పెట్టు చెల్లీ, చాలు! పొదగడం నా వంతు," అంది రంగి.

మర్నాడు పొద్దున ఇంట్లోవాళ్లు పిల్లలన్నిటికీ నూకలు చల్లి, గంట కొట్టి మరీ పూజ చేసుకున్నారు. గంట మోగగానే కౌజుపెట్ట ఎగిరి వాసాలకు తల కొట్టుకుంది. కిందికి దిగి, నడుస్తూ నడుస్తూ ఒక గుడ్డు జారవిడిచి, వెనక్కైనా చూడకుండా మేతకు పోయింది. పేరిందేవమ్మ ఆ గుడ్డు కళ్లకద్దుకుని, ఉడికించి, అచ్చాయమ్మకు పెట్టింది.

అప్పటినుంచే ఇంట్లో పెరిగే కౌజుపిట్ట గుడ్డు పెడుతుందే గానీ, పొదగమంటే పొదగదు. ఆ పని కోడి చూసుకుంటుంది.