వాలమ్మ తల్లి తూము నోము

(వీధి తలుపు తెరచి ఉంచి, అక్షతలు చేత పట్టుకొని, అందరు కూర్చుండి వినవలెను.)

పూర్వమొకప్పుడు ఆషాఢ మాసమున, తెరిపి లేని వానలో, శుష్కపాదుడను ముని మోకాలి లోతు బురద ఈదుకొనుచు నిమ్న మహర్షి ఆశ్రమమునకు వచ్చెను. వాకిట నిలిచి నీరడిగి కాళ్ళు కడుగుకొనెను. అరుగెక్కబోయి మరల బురదలోనే అడుగు వేసెను. మరల కడుగుకొనెను. మరల వేసెను. పిమ్మట విసిగి ఇట్లడిగెను: "మహర్షీ! ప్రజలు ఏటేటా ఇంటికి బాట వేసికొందురు. ఏటేటా వాన దానిని కోసికొని పోవును. ఇల్లుండియు ఇంటికి దారి లేక అలమటించుచున్నారు. ఏ దేవతను కొలిచిన ఈ బాధ తీరును? సులభమైన వ్రతమొకటి సెలవిండు."

నిమ్న మహర్షి ఆ కాళ్ళ వంక చూచి నిట్టూర్చెను. "సులభమైనది కలదు. సులభమగుట చేతనే ఎవరును సరిగా చేయరు. వాలమ్మ తల్లి తూము నోము అందురు. చెప్పెద వినుము. మధ్యలో ఫలమెంత అని అడుగకుము" అని చెప్పసాగెను.

ఎర్రమెట్ట అను ఊరిలో పెద్దబాట నుండి వాగు దాక దిగు మట్టిబాట ఒకటి ఉండెను. దాని పక్కనే, ఇండ్ల ముందు నుండి, వాననీరు పోవుటకు కాలువ ఉండెను. ఆ బాట మీద అన్నదమ్ములిద్దరు ఇండ్లు కట్టుకొనిరి. ఎగువ ఇంట అన్న భద్రయ్యయు, ఆయన భార్య నాంచారమ్మయు ఉండిరి. దిగువ ఇంట తమ్ముడు కోటిలింగమును, అతని భార్య తాయారును ఉండిరి. ఎగువ ఇల్లు ఇటుకలది. దిగువ ఇల్లు మట్టిగోడలది. ఇంటిలోనికి బండి పోవుటకు ఇరువురును కాలువ మీద మట్టి పోసి, కింద నీరు పోవుటకు తూము పెట్టుకొనిరి.

కొంతకాలమునకు నాంచారమ్మ ఇంటికి వాస్తు చూచిన ఒకాయన, ఆమె వాకిట నీరు నైరృతి దిక్కునకు పోవుచున్నదని, దానితో ఇంటి సిరియు పోవునని చెప్పెను. బాట వాలు నైరృతికే. వాగు నైరృతినే. దానికెవరేమి చేయగలరు? నాంచారమ్మ చేసెను. ఇటుక ముక్కలు, ఇసుక బస్తాలు తెప్పించి తన తూము నోరు మూయించెను. సిరి ఇంటనే నిలిచెనని నిశ్చింతగా ఉండెను.

వాన కురిసెను. కాలువలో దారి లేని నీరు బాట మీదికెక్కి, బాట వెంట పరుగెత్తి, దిగువన తాయారు వాకిట దూకెను. పడమటి గోడ నాని కూలెను. తూర్పు గోడ కూడ కూలినచో ఇంటి దూలము నిలువదని కోటిలింగము చెప్పెను. తాయారు కుచ్చెళ్ళు ఎగదోపుకొని ఎగువ ఇంటికి వెళ్ళెను.

"అక్కా, తూము మూయించావంటగా. నీళ్ళన్నీ మా ఇంట్లోకొస్తన్నాయి. గోడ పడిపోయింది."

"మా వాకిట్లో చుక్క లేదే తాయారూ! వచ్చి చూసుకో."

"లేదు కాబట్టే అడుగుతున్నా. ఎటు పోయాయనుకున్నావు?"

"పోయాయిగా! పోయినవాటి గొడవ నాకెందుకు?"

"పోయినవి మా పొయ్యిలో ఉన్నాయక్కా. పొద్దున్నించీ పొయ్యి వెలిగించలేదు."

"అయితే ఇక్కడే తినండి. వద్దన్నానా ఏంటి?"

నాంచారమ్మ చెడ్డది కాదు. అడిగిన వారికి అన్నము పెట్టును. అయితే మనసుకును ఒక గడప ఉండును. దానికి అవతల పడినది లేనిదేయని అది నమ్మును. "పోయాయిగా" అను మాట ఆమె మనసు తనకు తాను చెప్పుకొను జోలపాట.

తాయారు తిరిగి వచ్చి, కూలిన గోడ మట్టి తీయక అట్లే ఉంచెను. వచ్చిన వారికెల్ల చూపెను. చూపిన ప్రతిసారి ఆమె కడుపులో ఏదో చల్లబడెను. ఆమె తూములోను మట్టి సగమునకు పైగా పేరుకొని ఉండెను. దానిని తీయుటకు ఆమెకు చేతులు రాలేదు. తీసినచో తన కష్టములో కొంత తరుగునని లోలోపల భయము.

మరుసటి ఏడు రోహిణి కార్తె ఎండలో, భుజమున పార పెట్టుకొని ఒక ముసలమ్మ వచ్చి దాహమడిగెను. తాయారు నీళ్ళిచ్చి గోడను చూపెను. ముసలమ్మ గోడ వంక చూడనే లేదు. వంగి తూములోనికి చూచెను.

"ఇదేంటమ్మా, నీ తూము గొంతుదాకా మన్ను మింగి కూచుంది?"

"పై ఇంటావిడ తీస్తే నేనూ తీస్తా."

"ఆవిడెందుకు తీయదంట?"

"వాస్తంట."

ముసలమ్మ నుదురు కొట్టుకొనెను. "నా రాత! మెట్ట మీదినించి వాగుదాకా దిగాలని నేనొస్తుంటే, నిరుటినించీ మీ ఇద్దరి పంతాల దగ్గర నిలబడాల్సొస్తంది. ఒకావిడ నోరు మూసింది. ఇంకొకావిడ ఏడుపుకి సాక్ష్యం దాచుకుంది."

ఈమె నీటివాలుకు దేవతయైన వాలమ్మ తల్లియే అని తాయారు గ్రహించి, కాళ్ళ మీద పడబోయెను. "కాళ్ళు తర్వాత. ముందు పార పట్టు" అని తల్లి కసరి, నోము విధానము చెప్పెను. మృగశిర రాకముందే తన తూములోని మట్టి తాను తీయవలెనని, తీసిన మట్టిని గట్టున పోసినచో తొలి వానకే లోపలికి జారును గనుక దూరముగా మోసి పోయవలెనని, పిమ్మట తాంబూలము పట్టుకొని ఎగువ ఇంటికి పోయి, వారి తూము నుండి ఒక్క పార మట్టి తనకు దానమిమ్మని అడుగవలెనని చెప్పెను. చివరకు ఎగువన బిందెడు నీళ్ళు పోసి, దిగువన కాచుకొని, నీరు వచ్చిన పిదపనే అక్షతలు వేసికొని అన్నము తినవలెననెను. పువ్వులు, పత్రి, కొబ్బరికాయలు కావలెనా అని తాయారు అడుగగా, "నాకు దారి కావాలి" అని చెప్పి అదృశ్యమయ్యెను.

తాయారు తన తూము తీసెను. తాంబూలము పట్టుకొని ఎగువ ఇంటికి వెళ్ళెను. నాంచారమ్మ అంతయు విని, పెద్దకోడలు ఉండగా చిన్నకోడలు ముందు నోము పట్టుట ఏమని నొచ్చుకొనెను. ఒక్క పార మట్టియు ఇయ్యలేదు. తానే ఘనముగా చేసెదనని పంపివేసెను.

ఘనముగానే చేసెను. ఇటుక ముక్కలు, బస్తాలు తీయించెను. ఆ చోటనే, తూము నోటికి ఎదురుగా, కాలువ నడుమ సిమెంటు గద్దె కట్టించి, దాని మీద చేతిలో పట్టునంత రాతి వాలమ్మను నిలిపెను. దేవత అడ్డముగా కూర్చున్నచో సిరి పోజాలదని వాస్తు ఆయన కూడ మెచ్చెను. ఊరివారందరు వచ్చిరి. గద్దె చుట్టు అరటి బోదెలు నాటిరి. బంతిపూలు, పత్రి గుట్టలుగా పోసిరి. కొబ్బరి పీచు, తిన్న విస్తళ్ళు అక్కడనే వదిలిరి. దేవత ముందరివి గనుక తీయుటకు భయపడిరి. తాయారు చూచి, "అక్కా, నీళ్ళెట్టా పోతాయి?" అని అడిగెను. "అమ్మవారుందిగా, ఆవిడే చూసుకుంటుంది" అని నాంచారమ్మ జవాబు.

మృగశిర ప్రవేశించెను. మెట్ట మీది నీరంతయు ఎర్రగా దిగి వచ్చెను. పత్రి తేలెను. విస్తళ్ళు, పీచు తూము నోట చిక్కి దడి కట్టెను. నీరు వెనుకకు తన్నెను. భద్రయ్య వాకిటి బాట తెగి, ట్రాక్టరు ఒక పక్కకు ఒరిగెను. నీరు సావిడిలో దూరి ధాన్యపు బస్తాల నంటెను. మిగిలినది బాట మీదుగా పోయి తాయారు తూర్పు గోడను నాకుచుండెను.

నాంచారమ్మ గొడుగు కింద నిలిచి, గద్దె ముందు కర్పూరము వెలిగించుచుండెను. వానకు ఆరుచుండెను. మరల వెలిగించుచుండెను. గద్దె పగులగొట్టెదనని భద్రయ్య అనగా, ఆమె అడ్డుపడెను. ఊరివారు ముట్టుకొనుటకు భయపడి దూరముగా నిలిచిరి. తాయారు గునపము పట్టుకొని వచ్చెను.

"తాయారూ! అమ్మవారి మీద గునపమేస్తావా? కళ్ళు పోతాయే!"

"పోనీ అక్కా. గోడ పోతే నా పిల్లలెక్కడ పడుకుంటారు?"

"నీ దేవతని నీ తూములో పెట్టుకో. నా దేవత జోలికి రాకు!"

"నీదీ నాదీ ఒకటే దేవతక్కా. ఊపిరాడక చస్తోంది, చూడు."

తాయారు గునపమెత్తెను. ఎత్తిన చేయి ఆగెను. ఎగువ ఇంటిది ఏదో ఒకటి పగులగొట్టవలెనని ఏడాదిగా తాను కోరుచున్నట్లు ఆ క్షణమున ఆమెకు తెలిసెను. ఆ కోపముతో కొట్టినచో పగులునది గద్దె ఒక్కటే కాదు. ఆమె గునపము దించి, "తల్లీ, కొంచెం తప్పుకో" అని చెప్పి, విగ్రహమునకు తగులకుండ గద్దె అడుగున మొన దూర్చి పైకెత్తెను. గద్దె పెకలి ఒరిగెను. దడి ఊడెను. తూము గుటకలు వేయుచు నీటిని మింగెను. రాతి వాలమ్మ దొర్లి తూములో పడి కాలువ వెంట పోయెను. "అమ్మయ్య!" అని లోపలి నుండి ఒక గొంతు అందరకు వినబడెను.

నాంచారమ్మ గొడుగు పారవేసి దేవత వెంట పరుగెత్తెను. విగ్రహము తాయారు తీసిన తూములో దూరి, అవతల కంటబడకయే వాగులో కలిసిపోయెను. దాని వెంట వచ్చి నాంచారమ్మ తాయారు వాకిట నిలిచెను. గోడ కూలిన నాటి నుండి ఆమె అక్కడికి వచ్చుట అదే మొదలు. కూలిన గోడను చూచెను. నీటిలో పొయ్యి చూచెను. "పోయాయిగా" అను మాట నోటి దాక వచ్చి, బయటికి రాలేదు.

"ఇన్ని నీళ్ళా తాయారూ?"

"ఇవి తగ్గాక ఉన్నవక్కా."

నాంచారమ్మ చేతులతోనే మట్టి తోడసాగెను. వాన వెలిసిన పిదప ఊరివారు బాట పూడ్చిరి. తడిసిన ధాన్యము ఎండబెట్టిరి. అన్నదమ్ములు కలిసి పడమటి గోడ ఇటుకతో కట్టిరి. మరుసటి రోహిణికి నాంచారమ్మ తానే పార మట్టి తెచ్చి తోడికోడలి చేట నింపెను. ఎగువన బిందె వంచి కేక వేసెను.

"వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు వచ్చిందా?"

"ఉండక్కా, వస్తోంది... వచ్చింది!"

ఆ కేకయే ఈ నోముకు మంత్రమయ్యెను. నాటి నుండి ఆ బాట తెగలేదు, ఆ ఇండ్లలో ధాన్యము తడవలేదు, పొయ్యి ఆరలేదు.

ఇట్లు చెప్పి నిమ్న మహర్షి ముగించెను. శుష్కపాదుడు చేతులు జోడించి, "మహర్షీ, ఆ రాతి విగ్రహము ఎక్కడ దొరకును? మా ఆశ్రమమున ప్రతిష్ఠించెదను" అనెను. మహర్షి, "నాయనా, నా ఆశ్రమమునకు ఎగువన ఉన్నది నీ ఆశ్రమమే. నీవు ఈదివచ్చిన బురద అచ్చటిదే" అని చెప్పి, మూల నున్న పార తెచ్చి ఆయన చేత పెట్టెను.

ఈ నోమును కాలువ మీదుగా ఇంటికి దారి కట్టుకొన్నవారు, కాలువలో ఇసుక, కంకర కుప్ప పోసినవారు, తమ వాకిలి పొరుగువాని కంటె మెరక చేసినవారు, గుంతలో దిగిన బండిని పైకెత్తి ఊరిని తిట్టినవారు, ఎగువవారు తీసినచో తామును తీసెదమనువారు తప్పక చేయవలెను. బాట వేయించి కాలువ మరచిన పెద్దలు రెండుమార్లు చేయవలెను. చేసిన వారికి వాకిలి ఆరును, గోడ నిలుచును, చుట్టము చెప్పులు విప్పకయే గడప దాక వచ్చును, తోడికోడలితో మాట కలియును.

కథ అయినది. అక్షతలు ఇంకను తల మీద వేసికొనరాదు. ఒకరు బిందెతో ఎగువకు పోవలెను. ఒకరు దిగువన కూర్చుండవలెను. వచ్చిందా అని అడుగవలెను. వచ్చిందన్న కేక వినబడినచో అక్షతలు వేసికొని అన్నమునకు లేవవలెను. వినబడనిచో అక్షతలు పళ్ళెములో పెట్టి, పార తీసికొని అందరును లేవవలెను.