లక్కపిడతల వరస

ఊఁ కొట్టవే చిట్టీ. నా కథకి గోడమీది బల్లులు కూడా ఊఁ కొడతాయి, తెలుసా? ఒకసారి నేను కథ చెబుతుంటే చంద్రుడు కదలడం మరిచిపోయి, మర్నాడు పొద్దు ఆలస్యంగా పొడిచింది!

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో వరహాలు అనే బొమ్మల పనివాడు ఉండేవాడు. అంకుడు కర్ర చెక్కి లక్క రంగులు పట్టించేవాడు. అతని బొంగరం సోమవారం తిప్పితే శనివారం దాకా ఆగేది కాదు. అబద్ధమైతే నా ముక్కుపుడక ఊడిపడాలి.

అతని భార్య బంగారమ్మ. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది నూకరత్నం, చిన్నవాడు అప్పలకొండ. కొండకి మాట రాలేదు. పిలిస్తే చూడడు. ఎత్తుకోబోతే జారిపోతాడు. నాన్న చేసిన లక్కపిడతలు, అవేనే, చిన్న చిన్న రంగుల వంటగిన్నెలు, ముందేసుకుని వరసగా పేరుస్తాడు. చెరిపేసి మళ్ళీ పేరుస్తాడు.

రత్నానికి ఒకటే కోరిక. తమ్ముడు తనతో ఆడాలి. వీధి పిల్లలు దాన్ని కలుపుకునేవాళ్ళు కాదు మరి. "వాళ్ళింటికెళ్ళకండే, మన మాట కూడా పోద్ది!" అని వెక్కిరించేవాళ్ళు.

అప్పుడు పెద్దవాళ్ళంతా కొండని బాగుచెయ్యడానికి నడుం కట్టారు. ముందు మేనత్త వచ్చి, మాట వస్తుందని వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసింది. ఆ చప్పుడు పక్క జిల్లాకి వినిపించింది! కొండ ఉమ్మేశాడు. ఆ తర్వాత ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి దిష్టి తీశారు. ఆ ఘాటుకి ఆకాశంలో కాకులు తుమ్మాయి. ఆ తర్వాత, ఉలిక్కిపడితే మాట ఊడిపడుతుందని చెవి దగ్గర డప్పులు మోగించారు. కొండ ఏడ్చిన ఏడుపుకి ఏరు రెండడుగులు వెనక్కి జరిగింది.

ఇక్కడ మాత్రం పెంచి చెప్పడానికేం లేదే చిట్టీ. ఆ మూడుసార్లూ రత్నం గుమ్మం పక్కనే నిలబడి ఉంది. అన్నం తిన్నావా అని దాన్నెవరూ అడగలేదు.

ఒకనాడు రత్నం వంటాట మొదలుపెట్టి, తమ్ముడికి వడ్డిద్దామని వాడి వరసలోంచి ఒక గిన్నె తీసింది. వాడు తల నేలకేసి కొట్టుకున్నాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి, "తెలీనోణ్ణి ఏడిపిస్తావా? పెద్దదానివి, నీకైనా బుద్ధుండొద్దా?" అని వీపు మీద ఒక్కటేసింది.

ఆ తర్వాత రత్నం కర్రల పోగు వెనక ఒక్కతే ఆడుకునేది. తనే వండేది. తనే వడ్డించేది. "కూర బాగుందొదినా" అని తనే అనేది. "ఇంకొంచెం వేసుకోండి వదినా" అని తనే జవాబు చెప్పుకునేది.

అప్పుడు పట్నం నుంచి డాక్టర్ కాత్యాయని వచ్చింది. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళకి తిరిగి, వాళ్ళ సంగతులు తెలుసుకోవడమే ఆవిడ పరిశోధన. ఆవిడ అరగదీసిన చెప్పులు పోగేస్తే మేడంత ఎత్తు! వచ్చి, వాళ్ళు చేసిన వైద్యాలన్నీ విని, చాలాసేపు కొండని చూస్తూ ఊరికే కూర్చుంది.

"దీన్ని ఆటిజం అంటారు. దిష్టీ కాదు, మీ పెంపకం తప్పూ కాదు. పుట్టుకతోనే వీడి మెదడు తీరు వేరు. మనకి మామూలు చప్పుడు వీడికి ఉరుములా ఉండొచ్చు" అంది.

"మరి మాటొస్తాదా అమ్మా?" అని అడిగింది బంగారమ్మ.

"రావచ్చు, రాకపోనూ వచ్చు. నోటిమాట లేకుండా మనసులోది చెప్పడం నేర్పే దారులున్నాయి, అవి చూపిస్తాను. ముందు ఆ డప్పులు మానండి."

ఆ తర్వాత ఆవిడ గుమ్మం పక్కన నిలబడ్డ రత్నం వైపు తిరిగి, "నీ సంగతేంటమ్మా?" అని అడిగింది.

"దానికేం, అది శుభ్రంగా ఉంది!" అంది మేనత్త.

"శుభ్రంగా ఉన్నవాళ్ళనే అడగాలండీ. వాళ్ళనే అందరం మర్చిపోతాం."

రత్నం తమ్ముడి వైపు వేలు చూపించింది. "వీడు నాతో ఆడడు."

"వాడు ఆడుతూనే ఉన్నాడుగా! వాణ్ణి నీ ఆటలోకి లాగావు. మరి వాడి ఆటలోకి నువ్వెప్పుడైనా వెళ్ళావా?"

బంగారమ్మ కూతుర్ని లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

మర్నాడు రత్నం వాడికి కాస్త ఎడంగా కూర్చుని, మాట్లాడకుండా, తన గిన్నెలు తను వరసగా పేర్చింది. కొండ వీపు తిప్పేశాడు. ఆ మర్నాడు తిప్పలేదు. ఆ తర్వాతి రోజు సగం వరస పేర్చి, మధ్యలో కాస్త చోటు వదిలేసి, అవతల నుంచి మళ్ళీ పేర్చాడు. ఆగాడు. అక్క వైపు చూడలేదు. కానీ కదలనూ లేదు.

ఆ చోటికి సరిపోయే గిన్నె రత్నం చేతిలో ఉంది. అది మెల్లగా పెట్టింది. కొండ వరస చెరపలేదు. రెండు చేతులూ పిట్ట రెక్కల్లా ఆడించాడు.

ఏంటే? అక్కా అన్నాడా అంటావా?

అనలేదే తల్లీ. పెద్దవాడయ్యాక కూడా అనలేదు. రత్నం ఆ పిలుపు కోసం చాలాకాలం చెవులు రిక్కించేది. కానీ ఆ రోజు నుంచి వాడు పేర్చిన ఏ వరసలోనైనా ఒక గిన్నె చోటు ఖాళీగా ఉండేది. అందులో అమ్మ పెట్టినా తీసేసేవాడు. నాన్న పెట్టినా తీసేసేవాడు.

కథేమో కంచి దారి పట్టింది,
మన కాలేమో ఇంటి గడప తొక్కింది,
పిలవని పిలుపూ మనసుకి తాకింది,
పిల్లదాని కంటికి కునుకు సోకింది.